బొంబాయిలో ఒక గురువారపు సంగీత సమాజం

ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని మా సంఘం కార్యదర్శిగారు మాఘమాసంలోనే చెప్పివుంచారు. చెబుతూ చెబుతూ, "కామాటిపురా కథ మాత్రం వద్దు నాయనా. రాళ్ళు మోసిన మన పెద్దలను గురించి ఏటా ఎవరో ఒకరు వ్రాస్తూనే వున్నారు. ఇంకేదైనా చూడు" అన్నారు. వారి మాట సబబే. పాలమూరు, కరీంనగరం, నల్లగొండ ప్రాంతాలనుంచి మనవాళ్ళు వచ్చి ఈ ఊళ్ళో మేడలు కట్టిన సంగతి ఈ సంచిక చదివేవారికి నేను చెప్పవలసిన పని లేదు. అందుచేత ఈసారి మనవాడు కాని ఒక పరదేశి కథ వ్రాస్తున్నాను. ఆయన కూడ మనవలెనే ఇల్లు విడిచి బొంబాయి చేరినవాడే. పన్నెండేళ్ళు ఈ ఊరి ఉప్పుగాలి పీల్చినవాడే. ఊరి పేరు ముంబయి అని మారి చాలా ఏళ్ళయింది గాని, పాత సంగతులు వ్రాస్తున్నాను గనుక బొంబాయి అనే అంటాను.

నేను సంగీతం చదువుకొన్నవాణ్ణి కాను. మెట్రిక్ ప్యాసై, దాదర్ స్టేషనులో పార్సిలు రసీదులు వ్రాసుకొనే గుమాస్తాను. తెలిసినంతలో వ్రాస్తున్నాను. విద్వాంసులు మన్నింతురు గాక.

ఈ కథ నాకు మా తాత రేడియోలో మొదలయింది. ప్రభాదేవిలో మా చాల్ గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. అందులో ఏడుగురం. తాత మిల్లులో నేత పనివాడు. 1982 సమ్మెతో మిల్లు పని పోయింది గాని, మొదటి పాళీకి లేచే అలవాటు ఆయనను విడిచిపోలేదు. చీకటితోనే లేచి రేడియో మర తిప్పేవాడు. కార్యక్రమాలు మొదలు కావడానికి ముందు ఒక రాగం వచ్చేది. వెనుక తంబురా శ్రుతి, దాని మీద ఫిడేలు. నాలుగు స్వరాలు పైకి లేచి, కాసేపు నిలిచి, మళ్ళీ దిగివచ్చినట్టుండేది. "లెవ్వుండ్రి బిడ్డా, ఆకాశవాణి లేసింది" అనేవాడు తాత. ఆ రాగం ఏదో పూర్వపు ఋషి కట్టిందని నా చిన్నతనపు నమ్మకం. శివరంజని పోలిక వున్న ఆ చిన్న వరసను కట్టినది వాల్టర్ కౌఫ్‌మన్ అనే బొహీమియా దేశస్థుడని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరిన తరువాతనే. ఢిల్లీ మొదలు బెజవాడదాకా కోట్లమందిని నిద్రలేపిన వరస అది. కట్టినవాడి పేరు ఎందరికి తెలుసు?

బొహీమియా అంటే ఐరోపా నడిబొడ్డున చెక్ జనం వుండే దేశం. మనలో చాలమందికి ఆ దేశంతో పరిచయం కాళ్ళద్వారా జరిగింది. బాటా చెప్పుల బాటావారు చెక్ జనం వుండే జ్లీన్ పట్టణం వారే. తలద్వారా కూడ కొంత పరిచయం వుండదగిన దేశమది.

మూడువందల ఏళ్ళపాటు ఆ దేశం వియన్నా చక్రవర్తుల ఏలుబడిలో వున్నది. కచేరీలలో, పెద్ద బడులలో జర్మను భాష; చెక్ భాష వంటింటికీ, పొలానికీ మిగిలింది. తెలంగాణా పెద్దలకు దీన్ని వేరే విడమరచనక్కరలేదు. నిజాం కచేరీలో ఉర్దూ, ఇంటికి వచ్చాక తెలుగు, వారు పడిన పాట్లు వారికి గుర్తే. ఐతే ఆ చెక్ పల్లెలలో ఒక విశేషం వున్నది. పల్లెబడి పంతులే గుడిలో ఆర్గన్ వాయించేవాడు. పిల్లలకు అక్షరాలతోపాటే వాద్యమూ నేర్పేవాడు. 1772లో చార్లెస్ బర్నీ అనే ఆంగ్లేయ సంగీత చరిత్రకారుడు ఆ దారిన పోతూ చాస్లావ్ అనే ఊళ్ళో బడి చూచాడు. ఆరేళ్ళు మొదలు పదకొండేళ్ళవరకు ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే గదిలో కూర్చుని చదువుతున్నారు, వ్రాస్తున్నారు, ఫిడేళ్ళూ పిల్లనగ్రోవుల వంటి సన్నాయిలూ వాయిస్తున్నారు. మన పల్లెలలో కూడ పంతులుగారు చిరుతల భజన, కోలాటం నేర్పిన రోజులు వున్నాయి. బర్నీ అక్కడికి పోయినట్టు మన వైపు ఎవరూ వచ్చి పుస్తకం వ్రాయలేదు, అంతే.

ఆ పల్లెబడుల పంటయే స్మెతానా, ద్వోర్జాక్ అనే ఇద్దరు మహానుభావులు. బెద్రిఖ్ స్మెతానా 1824లో పుట్టాడు. జర్మను భాషలో పెరిగి, పెద్దయ్యాక స్వభాష వ్రాయడం నేర్చుకొన్నవాడు. యాభయ్యవ యేట, అనగా 1874లో, రెండు చెవులూ పూర్తిగా పోయినాయి. ఆ చెవుడులోనే "నా దేశం" అనే ఆరు వాద్య కృతులు వ్రాశాడు. వాటిలో వల్తావా నది మీద వ్రాసినది లోకమంతా వింటుంది. రెండు చిన్న ఊటలుగా పుట్టిన నీరు నదియై, పెళ్ళివారి ఊరి ప్రక్కగా పోయి, ప్రాగ్ నగరం ముందు పెద్ద ప్రవాహమై సాగిపోయే కథ అందులో వున్నది. మాట ఒక్కటీ వుండదు, అంతా వాద్యమే.

ప్రాగ్‌లో వారు కట్టుకొన్న జాతీయ నాటకశాల సంగతి మన సంఘాలవారు ముఖ్యంగా వినాలి. ఊరూరా చందాలు పోగుచేశారు. 1881 జూన్‌లో స్మెతానా సంగీత నాటకంతో తలుపులు తెరిచారు. ఆగస్టులో నిప్పంటుకొని కాలిపోయింది. రెండు నెలల వైభవం! ఆ జనం ఏడ్చి ఊరుకోలేదు. మళ్ళీ జోలె పట్టి, నెలన్నర రోజుల్లో పది లక్షల గిల్డర్లు కూడబెట్టి, 1883 నవంబరులో తిరిగి తెరిచారు. మన సభామందిరాల చందా పుస్తకాలు మోసినవారికి ఆ నెలన్నర అంటే ఏమిటో తెలుస్తుంది. నేనూ ఒక పుస్తకం మోశాను. ఐదంతస్తులెక్కి దిగితే యాభై రూపాయలు వచ్చిన రోజులు వున్నాయి.

ఇక ద్వోర్జాక్. ఈయన దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. కారణం చదువరులకు వెంటనే తెలుస్తుంది. ఆంతొనీన్ ద్వోర్జాక్ 1841లో నెలహోజెవెస్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి మాంసం కొట్టువాడు, పూటకూళ్ళ ఇల్లు కూడ నడిపేవాడు. పిల్లవాడు పల్లెబడి పంతుళ్ళ దగ్గర ఫిడేలు పట్టాడు. తరువాత ప్రాగ్ నాటకశాల బృందంలో పెద్ద ఫిడేలు వాయిస్తూ ఏళ్ళ తరబడి పొట్టపోసుకొన్నాడు. స్మెతానా చేతికర్ర ఆడిస్తూవుంటే ఎదుట కూర్చుని వాయించినవాళ్ళలో ఆయన ఒకడు. ఆ ద్వోర్జాక్‌కు రైలు ఇంజన్లంటే ప్రాణం! ప్రాగ్‌లోని ఫ్రాంజ్ యోసెఫ్ స్టేషనుకు పోయి, ఏ బండికి ఏ ఇంజను కట్టారు, దాని నెంబరేమిటి, డ్రైవరు ఎవరు అని గుర్తుంచుకొనేవాడు. ఒకనాడు తనకు తీరిక లేక, శిష్యుడు యోసెఫ్ సుక్‌ను ఇంజను నెంబరు చూచి రమ్మని పంపాడట. పాపం ఆ శిష్యుడు ఇంజను నెంబరుకు బదులు వెనుక బొగ్గుపెట్టె నెంబరు వ్రాసుకొచ్చాడు. ఆ సుక్ తరువాత ద్వోర్జాక్‌కు అల్లుడయ్యాడు. ఇంత తెలియనివాడికి పిల్లనెలా ఇస్తామని మామగారు విసుక్కొన్నట్టు కథ. మా పార్సిలు ఆఫీసులో నేను ఈ కథ చెబితే మా పెద్ద గుమాస్తాగారు నవ్వి, "ఆయనను మా రైల్వేలో వేసుకొంటే సంగీతం వ్రాసేవాడు కాదులే, ప్లాట్‌ఫారం మీదనే వుండిపోయేవాడు" అన్నారు.

1892లో ద్వోర్జాక్ న్యూయార్కు వెళ్ళి మూడేళ్ళు వున్నాడు. అక్కడ టిక్కెట్టు లేనివారిని ప్లాట్‌ఫారం మీదికి రానివ్వరు. అందుచేత ఊరి చివరకు పోయి దూరంనుంచి బండ్లు చూచేవాడు; అదీ కుదరనప్పుడు రేవుకు పోయి ఓడలు చూచేవాడు. ఇంటి మీద బెంగ పెట్టుకొన్న ఆ కాలంలోనే "నూతన ప్రపంచం" అనే పెద్ద వాద్యకృతి వ్రాశాడు. 1893 డిసెంబరు 16న న్యూయార్కు కార్నెగీ హాలులో మొదట వాయించారు. అందులో రెండవ భాగం నిదానంగా, ఒక్క సన్నాయి వంటి వాద్యం మీద మొదలవుతుంది. అది విన్నప్పుడు నాకు సోలాపురం దాటినాక రాత్రివేళ కిటికీ ప్రక్కన కూర్చున్నట్టుంటుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే.

మన కథానాయకుడు పుట్టింది ఈ దేశంలోనే. వాల్టర్ కౌఫ్‌మన్ 1907 ఏప్రిల్ 1న కార్ల్స్‌బాద్‌లో పుట్టాడు; వేడినీటి ఊటలకు పేరుపడ్డ ఆ ఊరిని చెక్ భాషలో కార్లోవీ వారీ అంటారు. ఇల్లు యూదులది, ఇంటి భాష జర్మను. బెర్లిన్‌లో ఫ్రాంజ్ ష్రేకర్ దగ్గర సంగీత రచన నేర్చి, ప్రాగ్‌లోని జర్మను విశ్వవిద్యాలయంలో సంగీత శాస్త్రం చదివాడు. డాక్టరు పట్టం చేతికి రాబోతూ వుండగా, తనకు పై అధికారిగా వున్న ఆచార్యుడు గుస్తావ్ బెకింగ్ నాజీ యువకుల నాయకుడని తెలిసింది. ఆయన చేతిమీదుగా వచ్చే పట్టం నాకు అక్కరలేదని వదలివేశాడు. పట్టం లేక ప్రమోషను రాని బాధ నా వంటి మెట్రిక్ వాడికి తెలుసు. చేతికి వచ్చినదాన్ని వదులుకొన్నవాడంటే నాకు గౌరవం.

అంతకు ముందే ఆయన మన సంగీతపు గ్రామఫోను ప్లేట్లు విన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇక్కడ ఆయన చేసిన ఆలోచనను గమనించండి. ఇంతమంది బుద్ధీ హృదయమూ గలవాళ్ళు ప్రేమించే సంగీతం నాకు వికారంగా తోచిందంటే లోపం నాదే అయివుండాలి, కనుక అది పుట్టిన చోటికే పోయి నేర్చుకోవాలి అనుకొన్నాడు. మనలో ఎంతమంది పరాయి సంగీతం విని ఇట్లా అనుకొంటాము? మా బాబాయి ఒకాయన పియానో వినబడితే చాలు, "ఏం గోలరా, పళ్ళెములు పడ్డట్టు" అని రేడియో కట్టేసేవాడు. జర్మనీలో హిట్లరు గద్దెనెక్కిన మరుసటి యేడు, 1934 ఫిబ్రవరిలో, కౌఫ్‌మన్ బొంబాయి చేరాడు. కొద్దికాలం వుండి చూచిపోదామని వచ్చాడు. పన్నెండేళ్ళు గడిచిపోయాయి. మన తాతలు కూడ రెండేళ్ళు సంపాదించుకొని పోదామనే వచ్చారు గదా!

వచ్చిన కొద్దినెలలకే ఆయన బొంబాయి ఛేంబర్ మ్యూజిక్ సొసైటీ అనే సమాజం స్థాపించాడు. ఛేంబర్ మ్యూజిక్ అంటే గదిలో సరిపడే సంగీతం. ముగ్గురో నలుగురో అయిదుగురో ఎదురెదురుగా కూర్చుని వాయిస్తారు. చేతికర్ర ఆడించే పెద్ద వుండడు. ఒకరినొకరు చూచుకొంటూ, ఒకరి ఊపిరి ఒకరు వింటూ పోవాలి. ఒకడు తాళం తప్పితే దాచుకొనే చోటు లేదు. మన భజనగోష్ఠికీ దీనికీ నాకు పెద్ద తేడా తోచదు. మెత్తని పరుపుల కుర్చీలు, పింగాణీ కప్పుల్లో టీ, అంతవరకు తేడా వుంటే వుండవచ్చు.

వారి కచేరీలు విల్లింగ్డన్ జింఖానాలో, ప్రతి గురువారమూ. కౌఫ్‌మన్ పియానో, ఫిడేలు మెహ్లీ మెహతా అనే పార్శీ యువకుడు, చెల్లో అనే పెద్ద ఫిడేలు ఎజీడియో వెర్గా అనే ఇటలీవాడు. ఒక బొహీమియావాడు, ఒక పార్శీ, ఒక ఇటలీవాడు! బొంబాయిలోనే కూడదగిన జట్టు. వారు చెక్ సంగీతం మాత్రమే వాయించే సమాజమని పొరపడకూడదు. ఐరోపా అంతటి సంగీతమూ వారిదే. కాని పల్లెబడి పంతులు నలుగురు పిల్లలను పోగేసి వాయించే ఆ దేశపు అలవాటును సముద్రం దాటించి తెచ్చినవాడు కౌఫ్‌మన్ అని నా ఉద్దేశం.

మెహ్లీ మెహతాను గురించి రెండు మాటలు చెప్పాలి. ఈయన లెక్కల పరీక్షలు ప్యాసై, ఆ వృత్తి చేసినవాడు. ఫిడేలు చాలావరకు తనంతట తానే నేర్చుకొన్నాడు. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా అనే పెద్ద వాద్యబృందాన్ని కూడ స్థాపించాడు. పగలు ఏదో ఉద్యోగం, సాయంత్రం వాద్యం, ఇటువంటి పార్శీలు కొందరు. హోటళ్ళలో వాయించి జీవనం చేసే గోవా వారు మరికొందరు. ఇట్లా అతుకులబొంతగా కుట్టుకొన్న బృందమది. 1936 ఏప్రిల్‌లో ఆయనకు కొడుకు పుట్టాడు. తండ్రి బృందం సాధన చేస్తూంటే ఆ గదిలోనే పెరిగిన ఆ పిల్లవాడే జూబిన్ మెహతా. 1962లో లాస్ ఏంజెలిస్ మహావాద్యబృందానికి నాయకుడయ్యాడు. ఆ తరువాతి కథ లోకానికి తెలుసు.

1937 మే నాటికి ఛేంబర్ మ్యూజిక్ సొసైటీ కచేరీలు 136 అయినాయి. రసీదులు కూడడం నా వృత్తి గనుక ఈ అంకె దగ్గర ఆగి లెక్కవేశాను. మూడేళ్ళకు సుమారు నూటయాభై ఆరు గురువారాలు. వర్షాకాలం, జ్వరాలు, పండుగలు అన్నీ తీసివేసినా నూటముప్పయి ఆరు కచేరీలు జరిగినాయంటే గురువారం వచ్చిందంటే కచేరీ వున్నట్టే లెక్క. సంస్థకు సొంత మందిరం లేదు. నగర జనాభాలో ఆ సంగీతం తెలిసినవారు పిడికెడు. ఐనా గురువారం గురువారమే.

ఈ లెక్క నన్ను ఎందుకు కుదిపిందో చెప్పాలి. మా చాల్‌లో ఒక భజన సమాజం వున్నది. తాత కాలంలో శనివారం రాత్రి భజన అంటే వసారా పట్టేది కాదు. రెండు మృదంగాలు, హార్మోనియం, పదిజతల తాళాలు. మిల్లులు పోయాయి, పాత చాళ్ళు పడగొట్టి మేడలు కడుతున్నారు, మనవాళ్ళు ఒకరు కల్యాణ్, ఒకరు నాలాసోపారా, ఒకరు ఏకంగా ఊరికే చేరుకొన్నారు. ఇప్పుడు శనివారానికి అయిదుగురం వస్తే గొప్ప. ఆ సమాజానికి కార్యదర్శిని నేనే. క్రిందటి దసరాకు, వారం వారం భజన మానుకొని శ్రీరామనవమికి మాత్రం చేయడం మేలు అని ఒక తీర్మానం నా చేత్తోనే వ్రాశాను. మృదంగం వాయించే పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయనకు డెబ్బయి దాటాయి. విని, కోపపడలేదు. "అయిదుగురుంటే చాలదా బిడ్డా? దేవునికి లెక్క రాదు గద" అన్నాడు. నేను జవాబు చెప్పలేక, కాగితం మడిచి జేబులో పెట్టుకొని వచ్చాను. ఈ నూటముప్పయి ఆరు అనే అంకె నేను చదివింది ఆ తరువాతి నెలలో.

కౌఫ్‌మన్ సంగతికి వద్దాము. 1937లో ఆయన బొంబాయి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగానికి అధికారి అయ్యాడు. అంతకు ఏడాది ముందు, 1936 జూన్‌లో, దేశపు రేడియోకు ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు. తాత నిద్రలేపిన ఆ వరస ఆ ఏటిదే. ఫిడేలు వాయించింది మెహ్లీ మెహతాయే అంటారు. అనగా గురువారపు సమాజంలోని ఇద్దరే మన ఇండ్లలోకి తెల్లవారుజామున వస్తూ వచ్చారన్నమాట. 1938లో కౌఫ్‌మన్ "అనసూయ" అనే సంగీత నాటకం రేడియో కోసమే వ్రాశాడు. మోహన్ భవ్నానీ చిత్రాలకు కూడ సంగీతపు పని చేశాడు. మరోప్రక్క మన రాగాలు నేర్చుకొంటూ, అడవులకు పోయి గోండు పాటలు విని స్వరాలు కట్టి వ్రాసుకొన్నాడు. ఆ గోండు పాటల మీద వ్యాసం 1941లోనే అమెరికా సంగీత పత్రికలో వచ్చింది. ఆదిలాబాదు వైపు చుట్టాలున్న మనవాళ్ళలో ఒక్క గోండు పాటైనా వ్రాసుకొన్నవారు ఎంతమంది?

మనం కూడ పరాయివాడి వాద్యం పుచ్చుకొన్నవాళ్ళమే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు తెల్లవారి ఫిడేలు నేర్చి మన కచేరీలోకి తెచ్చారు. దాన్ని ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఎక్కడికి తీసుకొనిపోయారో విజయనగరం పేరెత్తితే చాలు. 1952లో యెహూదీ మెనూహిన్ మద్రాసులో నాయుడుగారి వాదనం విని ఆనందించాడు. మెనూహిన్ కూడ యూదుడే.

కౌఫ్‌మన్ గురువారాలు నడుపుతూ వుండగా ఆయన విడిచివచ్చిన దేశానికి ఏమయిందో చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు. 1938లో మ్యూనిక్ ఒప్పందంతో అంచులు కోశారు. ఆయన పుట్టిన కార్ల్స్‌బాద్ ఆ అంచులోనే వున్నది. 1939 మార్చి 15న జర్మను సైన్యం ప్రాగ్‌లో దిగింది. కౌఫ్‌మన్ భార్య గెర్టీ, ఫ్రాంజ్ కాఫ్కా అనే సుప్రసిద్ధ రచయితకు మేనకోడలు. గెర్టీ తల్లి ఎల్లీని 1941లో ప్రాగ్‌నుంచి పోలండులోని లోద్జ్‌కు రైలులో పంపారు. ఆమె తిరిగి రాలేదు. కాఫ్కా చెల్లెళ్ళు ముగ్గురూ అట్లాగే పోయారు. ఆ బండ్లకు కూడ గుమాస్తాలు కాగితాలు వ్రాసివుంటారు. ఈ సంగతి చదివిన రోజున నాకు ఆఫీసులో చేయి ఆడలేదు.

ప్రాగ్‌కు దగ్గరలో టెరెజీన్ అనే పాత కోట వున్నది. అక్కడ యూదులను వేలకు వేలు కుక్కారు. ఆ కోటలో రఫాయెల్ షెఖ్టర్ అనే యువకుడు ఖైదీలనే పోగేసి, ఒక పాత పియానో సాయంతో, స్మెతానా వ్రాసిన "బేరమాడిన పెళ్ళికూతురు" అనే హాస్య సంగీత నాటకం 1942 నవంబరులో పాడించాడు. పాడినవారిలో చాలమంది సంగీతం వృత్తి కానివారు. పగలు చాకిరీ, రాత్రి మేడమీది గదిలోనో నేలమాళిగలోనో సాధన. ఈ వారం పాడినవాడు వచ్చే వారానికి వుంటాడో, తూర్పుకు పోయే బండి ఎక్కుతాడో తెలియదు. పోయినవాడి చోట మరొకడిని నిలబెట్టి నేర్పేవారు. పిల్లల కోసం హాన్స్ క్రాసా వ్రాసిన "బ్రుందిబార్" యాభై అయిదుసార్లు ఆడారు. 1944లో కారెల్ అంచెర్ల్ అక్కడే ఫిడేళ్ళ బృందం ఒకటి కూర్చి, తోటి ఖైదీ పావెల్ హాస్ వ్రాసిన కృతి వాయించాడు. ఆ శరత్తులోనే వారిలో చాలమందిని ఆష్విట్జ్‌కు పంపారు. హాస్ చనిపోయాడు, క్రాసా చనిపోయాడు. షెఖ్టర్ యుద్ధం ముగింపు చూడలేదు. భార్యనూ పసిబిడ్డనూ పోగొట్టుకొని అంచెర్ల్ ఒక్కడు మిగిలాడు. 1950 మొదలు పద్దెనిమిదేళ్ళు చెక్ మహావాద్యబృందానికి నాయకత్వం వహించి, ద్వోర్జాక్‌నూ స్మెతానానూ లోకానికి వినిపించినవాడు ఆయనే.

కౌఫ్‌మన్ 1946లో బొంబాయి విడిచాడు. ఇంగ్లండు, తరువాత కెనడా. మెహ్లీ మెహతా అంతకు ఏడాది ముందే ఫిడేలు మరింత నేర్చుకొనడానికి అమెరికా వెళ్ళాడు. కౌఫ్‌మన్ 1948లో విన్నిపెగ్ వాద్యబృందానికి నాయకుడై తొమ్మిదేళ్ళు నడిపాడు. తరువాత అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. వదులుకొన్న పట్టం అడ్డురాలేదు.

విన్నిపెగ్‌లో చేరిన ఆ 1948లోనే, జూన్ నెలలో, అమెరికాలోని బోస్టనులో ఆయన కృతి ఒకటి వాయించారు. దాని పేరు "మద్రాస్ ఎక్స్‌ప్రెస్". చదువరులు మళ్ళీ ఒకసారి చదవండి, నేను పొరపాటు వ్రాయలేదు! బొంబాయిలో పన్నెండేళ్ళు వున్నవాడు మంచుదేశంలో కూర్చుని మనసులో వినుకొన్నది మద్రాసు పోయే బండిని. ఆ బండి దారి మన దారే. కల్యాణ్ దాటి ఘాటు ఎక్కి, పూనా, మన పద్మశాలీల సోలాపురం, వాడి, రాయచూరు. రాయచూరు దగ్గర 1871లో రెండు కంపెనీల రైలుకమ్ములు కలిశాయి, బొంబాయికీ మద్రాసుకూ అప్పుడే దారి పడింది. అక్కడినుంచి గుంతకల్లు, గుత్తి, కడప, రేణిగుంట. ఎందరు మన తల్లులు అటుకుల మూటలు, పచ్చడి జాడీలు వొళ్ళో పెట్టుకొని ఆ దారిన వచ్చారు! ద్వోర్జాక్ బ్రతికివుంటే ఆ కృతి విని, ఏ ఇంజను కట్టారని అడిగివుండును.

తరువాతి ఏళ్ళలో కౌఫ్‌మన్ మన సంగీతం మీద గ్రంథాలు వ్రాశాడు. 1968లో ఉత్తరదేశపు రాగాలమీద పెద్ద పుస్తకం. 1976లో దక్షిణదేశపు రాగాలమీద మరొకటి. మేళకర్తలనూ వాటి జన్యరాగాలనూ వరుసగా పేర్చినది. ప్లేటు విని అర్థం కాలేదని ఓడ ఎక్కినవాడు, నలభై యేళ్ళ తరువాత కనకాంగినుంచి రసికప్రియదాకా లెక్క అప్పజెప్పాడు. 1984 సెప్టెంబరులో అమెరికాలోనే పోయాడు. ఆయన బొంబాయిలో వ్రాసిన నాలుగు ఫిడేళ్ళ కృతులు మొదలైనవి పెట్టెలలోనే పడివుండినాయి. 2020లో కెనడాలోని టొరంటోకు చెందిన ఏ.ఆర్.సీ. బృందం వాటిలో కొన్నిటిని రికార్డు చేసింది. వినేవారికి ఇప్పుడు దొరుకుతాయి.

గురువారపు సమాజం పోయింది. మెహ్లీ మెహతా బృందం పోయింది. ఐనా ఈ ఊళ్ళో ఆ పని పూర్తిగా ఆగిపోలేదు. 1958లో గోవా దేశస్థుడైన ఆంథొనీ గొన్సాల్వెస్ సినిమా వాద్యగాండ్రను కూర్చి మన రాగాలతో సింఫనీ వాయించాడు. సినిమా పాటలో ఆయన పేరు విని నవ్వుకొన్న మనకు, అది శిష్యుడు ప్యారేలాల్ గురువుకు పెట్టిన దండమని తెలియదు. 2006లో నారిమన్ పాయింటులోని సంగీత నాటక కేంద్రంలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఏర్పడింది. అది జీతాల బృందం, వేరే సంగతి.

మా భజన సమాజపు తీర్మానం కాగితం ఇంకా నా బల్ల సొరుగులోనే, పాత రసీదు పుస్తకాల క్రింద వున్నది. సభ ముందు పెట్టలేదు. పోయిన శనివారం ఆరుగురం వచ్చాము. ఆరవవాడు మృదంగం పెద్దాయన మనుమడు, ఎనిమిదేళ్ళవాడు; తాళాలు చేతికిస్తే మొదటి రెండు పాటలు తప్పు వేశాడు, మూడవదానికి కలిశాడు. నాలాసోపారావాడు పదింటి లోకల్ అందుకోవాలని మంగళహారతి కొంచెం తొందరగానే ఎత్తుకొన్నాము.